చలి రాకముందే రూఫ్‌టాప్ యూనిట్: కొలవకుండా ఏ స్క్రూ తిప్పొద్దు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల రెస్టారెంట్లు, కిరాణా షాపులు చాలావరకు స్ట్రిప్ మాల్స్‌లోనే, అంటే ఒకే వరుసలో కట్టిన షాపుల్లోనే ఉంటాయి. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి ఇచ్చే పెట్టె ఒక్కటే, అదీ రూఫ్ మీద. అందులో ఒక పక్క కంప్రెసర్, చల్లదనం ఇచ్చే రిఫ్రిజిరెంట్ గ్యాస్, ఇంకో పక్క నేచురల్ గ్యాస్‌తో మండే బర్నర్లు. లీజు ట్రిపుల్ నెట్ (పన్ను, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ కూడా అద్దెకున్నవాళ్లే కట్టే రకం) అయితే దాని రిపేరు ఖర్చు చాలాసార్లు అద్దెకున్నవాళ్ల నెత్తినే పడుతుంది. కాబట్టి ఇది పని చేసే కుర్రాళ్లకే కాదు, చేయించుకునే ఓనర్లకూ.

సర్వీసింగ్‌కు సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మధ్య వరకు మంచి సమయం. మధ్యాహ్నాలు ఇంకా వేడిగానే ఉంటాయి కనుక కూలింగ్ నడిపి చూడొచ్చు, ఉదయం చల్లగా ఉన్నప్పుడు హీటింగ్ కూడా వేసి చూడొచ్చు. బయట వేడి 65–70 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గాక సబ్‌కూలింగ్ (రిఫ్రిజిరెంట్ ద్రవంగా మారాక ఇంకెంత చల్లబడిందో చెప్పే) రీడింగులను నమ్మలేం. డిసెంబర్‌లో రూఫ్ ఎక్కి "చార్జ్ (లోపలున్న రిఫ్రిజిరెంట్ మోతాదు) తక్కువుంది, కొంచెం కొడదాం" అనేవాడు అంచనాతో కొడుతున్నట్టే.

రూఫ్ అంచు చూసి అందరూ భయపడతారు, స్కైలైట్‌ను మాత్రం పట్టించుకోరు. ఓషా (అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమాల్లో స్కైలైట్‌ను కంత కిందే లెక్కేస్తారు. దాని మీద కాలు వేయకూడదు, ఆనుకుని కూర్చోకూడదు. నిచ్చెన పైకొన రూఫ్ అంచుకు మూడు అడుగులు పైకి ఉండాలి. డిస్‌కనెక్ట్ (యూనిట్‌కు కరెంటు ఆపే స్విచ్) ఆఫ్ చేశాక తాళం వేసి, కెపాసిటర్‌లో మిగిలిన కరెంటును డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో ఒకసారి చూసుకున్నాకే చెయ్యి లోపల పెట్టాలి.

రిఫ్రిజిరెంట్ వాడితే అయిపోయే సరుకు కాదు. సీలు చేసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకుందన్నమాటే. ఏటా "టాప్ అప్" చేసి బిల్లు వేసేవాడు లీకు వెతకడం లేదు, అంతే. అసలు చార్జ్ అనుమానించే ముందు ఫిల్టర్, కాయిల్, బ్లోవర్ బెల్టు చూడాలి. రెస్టారెంట్ల రూఫ్ మీద కిచెన్ ఎగ్జాస్ట్ నుంచి వచ్చే నూనె జిడ్డు వేడిని బయటికి వదిలే కండెన్సర్ కాయిల్‌కు పట్టేసి, హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ బయటికి తోసే వైపు ప్రెషర్) పెరిగిపోతుంది. అది చూసి చార్జ్ ఎక్కువైందని రిఫ్రిజిరెంట్ తీసేస్తే, కాయిల్ కడిగిన రోజున కూలింగ్ చాలదు.

గాలి సరిగ్గా ఆడుతోందని తేలాకే ప్రెషర్ గేజ్‌లు పెట్టాలి. రిఫ్రిజిరెంట్‌ను అవసరాన్ని బట్టి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న యూనిట్‌కు సబ్‌కూలింగ్, మారని రంధ్రం (ఫిక్స్‌డ్ ఓరిఫిస్) ఉన్నదానికి సూపర్‌హీట్ (రిఫ్రిజిరెంట్ ఆవిరయ్యాక ఇంకెంత వేడెక్కిందో) చూడాలి. లీకు దొరికితే మూసి, రెగ్యులేటర్ పెట్టిన నైట్రోజన్‌తో పరీక్షించి, పంపుతో లోపలి గాలి, తేమ తీసేసి వ్యాక్యూమ్‌ను 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత) కిందికి లాగి, నేమ్‌ప్లేట్ మీదున్న బరువు ప్రకారం త్రాసు మీద తూచి నింపడమే సరైన పద్ధతి. ప్రెషర్ పరీక్షకు ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు, కంప్రెసర్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

ఏ యూనిట్‌లో ఏ రకం రిఫ్రిజిరెంట్ ఉందో లేబుల్ చదవాలి. పాత రకమైన ఆర్-22 కొత్తగా తయారు చేయడం, దిగుమతి చేయడం అమెరికాలో 2020 జనవరి 1 నుంచి ఆగిపోయాయి. ఇప్పుడు రూఫ్‌ల మీద ఎక్కువగా కనిపించేది ఆర్-410ఏ. ఈమధ్య వస్తున్న కొత్త యూనిట్లలో ఆర్-454బి, ఆర్-32 ఉంటున్నాయి. ఈ రెండూ కొద్దిగా మండే రకం, వాటికి సరిపడే రికవరీ మెషిన్, లీక్ డిటెక్టర్ కావాలి. వాటిని 410ఏ యూనిట్‌లో పోయకూడదు. రిఫ్రిజిరెంట్‌ను గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం, ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సెక్షన్ 608 సర్టిఫికెట్ లేనివాళ్లు ఆ గొట్టాలు విప్పకూడదు కూడా.

ఇక గ్యాస్ వాల్వ్. ఎక్కువమంది సొంత తెలివి చూపించేది ఇక్కడే. మంట పసుపుపచ్చగా ఉందనో, వేడి చాలట్లేదనో రెగ్యులేటర్ స్క్రూ అర చుట్టు తిప్పేస్తారు. గ్యాస్ ప్రెషర్ కొలిచే మానోమీటర్ లేకుండా ఆ స్క్రూ ముట్టుకోవద్దు. నేచురల్ గ్యాస్‌కు మ్యానిఫోల్డ్ ప్రెషర్ (వాల్వ్ దాటి బర్నర్లకు వెళ్లే ప్రెషర్) సాధారణంగా 3.5 అంగుళాల వాటర్ కాలమ్ (తక్కువ ప్రెషర్‌ను నీటి మట్టంతో చెప్పే కొలత), ప్రొపేన్‌కు 10 దాకా. మీ యూనిట్‌కు ఎంతో దాని ప్లేటే చెప్తుంది.

ముందు వాల్వ్‌లోకి వచ్చే ప్రెషర్ చూడాలి. అదీ కింద కిచెన్‌లో స్టవ్‌లు, ఫ్రయర్లు, తందూరీ అన్నీ మండుతున్నప్పుడు. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ కిచెన్‌లో బాగానే ఉన్న ప్రెషర్, రాత్రి ఎనిమిదింటికి పడిపోవచ్చు. అప్పుడు తప్పు వాల్వ్‌ది కాదు, పైపు సైజుదో మీటర్‌దో. చాలా వాల్వ్‌లు తట్టుకునేది అర పీఎస్‌ఐ వరకే, అంటే సుమారు 14 అంగుళాలు. పైపులను అంతకన్నా ఎక్కువ ప్రెషర్‌తో పరీక్షించేటప్పుడు కాక్ మూస్తే సరిపోదు, యూనిట్‌ను లైను నుంచి విడదీయాలి.

గ్యాస్ ఆపాకే టెస్ట్ ప్లగ్ (మానోమీటర్ తగిలించే చోట ఉండే బిరడా) తీయాలి. తిరిగి పెట్టాక సబ్బు నీళ్లు రాయాలి, అవుట్‌లెట్ వైపు ప్లగ్‌కు బర్నర్ మండుతుండగా రాయాలి. వాల్వ్ మూసి ఉన్నప్పుడు అటువైపు గ్యాసే ఉండదు, లీకు ఎలా కనిపిస్తుంది? వాల్వ్ నాబ్ చేత్తో తిరగకపోతే ప్లయర్స్ పట్టొద్దు. పాడైన వాల్వ్‌ను విప్పి బాగుచేయాలని చూడకుండా కొత్తది వేయించండి.

హీటింగ్ మధ్యలో ఆగిపోతుంటే లిమిట్ స్విచ్‌నో (వేడి మితిమీరితే ఆపేది) రోలవుట్ స్విచ్‌నో వైరుతో జంపర్ చేసి, అంటే పక్కకు తప్పించి, "పనైపోయింది సార్" అని దిగిపోయేవాళ్లున్నారు. రోలవుట్ స్విచ్ పడిందంటే మంట బర్నర్ పెట్టె బయటికి వచ్చిందని. మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలి ఉండొచ్చు, పొగగొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. పగులులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను అదే బ్లోవర్ మీ డైనింగ్ హాల్లోకి పంపుతుంది. దానికి వాసనుండదు, రంగుండదు. కింద డిటెక్టర్ పెట్టించండి. షాపులో గ్యాస్ వాసన ఘాటుగా వస్తే స్విచ్‌లు వేయడం, తీయడం లేకుండా అందరినీ బయటికి పంపి, బయట నుంచి 911కు ఫోన్ చేయండి.

ఓనర్లు బిల్లు మీద అడిగి రాయించుకోవాల్సినవి: సబ్‌కూలింగ్ లేదా సూపర్‌హీట్, ఎంత రిఫ్రిజిరెంట్ తీశారు, ఎంత పోశారు, గ్యాస్ ఇన్‌లెట్, మ్యానిఫోల్డ్ ప్రెషర్లు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ రీడింగు. "చెక్ చేశాం, ఓకే" అని మాత్రమే రాసిస్తే, ఆ అంకెలు పెట్టేదాకా చెక్కు ఇవ్వకండి.