పాస్సౌ నుంచి వియన్నా దాకా సైకిల్ టూర్: చివరి రోజుల్ల చేతులెత్తేయకుండా పూర్తి చేసుడెట్ల

హన్మకొండల సైకిల్ తొక్కే దోస్తులు ఎప్పుడు కలిసినా అడిగేది ఒక్కటే, యూరప్ల లాంగ్ టూర్ అంటే ఎంత ఫిట్‌నెస్ కావాలె అని. నేనూ మా బావా డాన్యూబ్ నది పొంట పాస్సౌ నుంచి వియన్నా దాకా తొక్కి వచ్చినంక నాకు సమజైంది ఏందంటే మొదలు పెట్టుడు అంత కష్టం కాదు, చివరి మూడు రోజులే కష్టం. అందుకే ప్లాన్ వెనక నుంచి ముందుకు వేసుకోవాలె. ఫ్లైట్ ఏ రోజు, దానికి ముందు సైకిల్ డబ్బాల ఎక్కడ ప్యాక్ చేస్తం, దానికోసం వియన్నాకు ఏ రోజు ఏ పూటకు చేరాలె, ఇట్ల లెక్క కట్టుకుంట వెనక్కి పాస్సౌ దాకా రావాలె.

పాస్సౌ జర్మనీ అంచున ఉంటది, డాన్యూబ్, ఇన్, ఇల్జ్ మూడు నదులు కలిసే ఊరు. అక్కడి నుంచి ఆస్ట్రియా మీదికెళ్లి వియన్నాకు సుమారు 320 కి.మీ. అట్లాంటిక్ ఒడ్డు నుంచి నల్లసముద్రం దాకా పోయే యూరోవెలో 6 అనే సైకిల్ రూట్‌ల ఇదొక ముక్క. దాదాపు అంతా నది ఒడ్డే, చదును దారి, ఎక్కువ చోట్ల కార్లు రావు, మొదటిసారి పోయేటోళ్లకు నేనైతే ఇదే చెప్త. రోజుకు 50 కి.మీ. లోపు పెట్టుకుంటే ఏడు రోజులు పడ్తది, దానికి ఇంకో రోజు ఖాళీగా కలుపుకోండి, అది ఎప్పుడు వాడాల్నో ముందే ఫిక్స్ చేయకండి. వాన పట్టుకుంటదో, మోకాలు పట్టుకుంటదో ఎవరికి తెల్సు.

జర్మనీకి, ఆస్ట్రియాకు కలిపి ఒక్కటే షెంగెన్ వీసా, దానికి అప్లై చేసేటప్పుడు ఒకటి యాది పెట్టుకోండి, ఎక్కువ రాత్రులు ఏ దేశంల ఉంటరో ఆ దేశానికే అప్లై చేయాలె. పాస్సౌల ఒక్క రాత్రి ఉండి మిగిలినయన్ని ఆస్ట్రియాల ఉంటే అది ఆస్ట్రియా వీసా అయితది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది ఉండాలె. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరి దాకా ఆగకండి.

ప్రాక్టీస్ మనకాడనే చేసుకోవచ్చు. శనివారం పొద్దుగాల హన్మకొండల బయల్దేరి ములుగు రోడ్డు మీద రామప్ప దాకా పోండి, 60 కి.మీ. పైనే ఉంటది, రాత్రి ఆ చుట్టుపక్కల ఎక్కడన్న ఉండి ఆదివారం వాపస్ రండి, బ్యాగుల్ల నీళ్ల బాటిళ్లు నింపి బరువు పెట్టుకొని మరీ. అసలు పరీక్ష సోమవారం ఉంటది. కాళ్లు పట్టేసినా సరే లేచి భద్రకాళి చెరువు కట్ట దిక్కు ఒక గంట తొక్కండి. టూర్‌ల మూడోనాడు ఒళ్లు ఎట్లుంటదో అప్పుడే తెలుస్తది, ఒక్కరోజు 100 కి.మీ. తొక్కి ఇంటికొచ్చి పండుకుంటే ఆ సంగతి ఎప్పటికీ తెల్వదు.

ఇగ దారిల. నది ఒడ్డున పడవలోళ్ల కోసం కిలోమీటర్ బోర్డులు ఉంటయి. డాన్యూబ్‌ను నల్లసముద్రం దగ్గర సున్నా అనుకొని పైకి లెక్కపెడ్తరు, అందుకే మనం కిందికి పోతుంటే నంబర్ తగ్గుకుంట వస్తది. పాస్సౌ దగ్గర 2225 దరిదాపు, దారిల వచ్చే ఊర్లల్ల లింజ్ కాడ 2135, క్రెమ్స్ కాడ 2002, వియన్నా రైష్‌బ్రూకె బ్రిడ్జి కాడ 1929. అలిసిపోయినప్పుడు ఇంకా ఎంత దూరమని ఫోన్ తీసి చూసుడు కంటే ఈ బోర్డులు చూసుకుంట పోతే మనసుకు మస్తు ధైర్యం.

మెల్క్ అనే ఊరు దాటినంక వాఖావ్ లోయ వస్తది, కొండల మీద ద్రాక్ష తోటలు, ఆప్రికాట్ చెట్లు, 2000ల యునెస్కో లిస్టుకెక్కిన చోటు. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 35 కి.మీ. అంతే, కానీ మా బావ మోకాలు సరిగ్గా అక్కడ్నే పట్టేసింది. "బావా, ఇయ్యాల చాలు" అని నడుమల డ్యూర్న్‌స్టైన్ అనే ఊర్ల ఆగినం, ఖాళీ రోజు అక్కడ వాడుకున్నం. సీటు కొంచెం కిందికి జారి ఉండె, అది పైకి లేపి, బరువు గేర్ల తొక్కుడు బంద్ చేసి తేలిక గేర్ల కాళ్లు ఎక్కువ తిప్పిండు, మూడోనాడు వియన్నాకు నాకంటే ముందుండె. నొప్పి మొదలైన రోజే ఆగాలె, రేపు చూద్దాం అనుకుంటే టూర్ రైల్ల ముగుస్తది.

తిండి గంటకోసారి ఏదన్న నోట్లె పడాలె. సకినాలు, పల్లీ పట్టీలు ఇక్కడి నుంచే తీసుకపోండి. బయటి దేశాల నుంచి మాంసం, పాల వస్తువులు యూరప్లకు తేనియ్యరు, కాబట్టి నెయ్యి లడ్డూలు ఇంట్లనే ఉంచండి. నీళ్లు కొనే పని లేదు, నల్లా నీళ్లే తాగొచ్చు. చిన్న లాడ్జిలల్ల, నది దాటించే పడవలల్ల నగదు అడుగుతరు, కొంచెం జేబుల ఉండాలె. "జిమ్మర్ ఫ్రై" బోర్డు ఉంటే రూములు ఖాళీ ఉన్నట్టు, "ఉమ్‌లైటుంగ్" అంటే దారి మళ్లించిండ్రు అని.

మేము చేసిన పెద్ద తప్పు ఆదివారం. ఆస్ట్రియాల ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ బంద్, పెద్ద రైల్వే స్టేషన్లల్ల మాత్రం కొన్ని తెరిచి ఉంటయి. మేము ఆదివారం మధ్యాహ్నం వియన్నాల దిగి సోమవారం పొద్దుగాల ఫ్లైట్ పెట్టుకున్నం, సైకిల్ డబ్బా కోసం షాపుల చుట్టు తిరిగితే ఒక్కటీ తెరిచి లేదు, ఆఖరికి లాడ్జి ఆమె పాత టీవీ డబ్బాలు రెండు ఇస్తే వాటిని అతికి పని కానిచ్చినం, ఆ రాత్రి నిద్ర లేదు. మీరు వారం ముందే ఒక సైకిల్ షాపుకు మెయిల్ పెట్టి ఖాళీ డబ్బా దాచమనండి, శుక్రవారం లోపు వియన్నాల ఉండేటట్టు చూసుకోండి. ఈ తిప్పలే వద్దంటే పాస్సౌల అద్దెకు తీసుకొని వియన్నాల అప్పజెప్పే సైకిళ్లు ఉంటయి, సొంత సైకిల్ మీద అంత పట్టుదల లేనోళ్లకు అదే నయం.

ప్యాకింగ్‌ల అందరూ ఇబ్బంది పడేది పెడల్స్ కాడ. కుడిది మామూలు థ్రెడ్, ఎడమది ఉల్టా, అంటే ఎడమ పెడల్ గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పితే వదులైతది. వెనక డీరైలర్, అంటే గేర్లు మార్చే భాగం, విప్పి ఫ్రేముకు కట్టేయండి, లేకపోతే అది బిగించి ఉండే హ్యాంగర్ ముక్క వంగుతది. ముందు చక్రం తీసినంక దాన్ని పట్టుకునే ఫోర్క్ రెండు కాళ్ల మధ్యల ప్లాస్టిక్ ముక్క పెట్టాలె, షాపుల అడిగితే ఊకెనే ఇస్తరు. పవర్ బ్యాంక్ డబ్బాల వేయకండి, చేతి బ్యాగులనే ఉండాలె.

శంషాబాద్ల దిగినంక సైకిల్ ఎక్కాలని మస్తు ఆత్రం ఉంటది. హ్యాండిల్ బోల్టులు, బ్రేకులు, రెండు చక్రాలను బిగించే లివర్లు చేతితోని చూసుకోకుండా మాత్రం ఎక్కకండి.