వేలిముద్ర తీసుకునే ముందు: క్లినికల్ ట్రయల్ (రోగులపై కొత్త మందుల పరీక్ష) కోఆర్డినేటర్లకు జాగ్రత్తలు

రేపటి నుంచి ట్రయల్‌లో చేరే రోగుల సమ్మతి పత్రాల పని మొదలవుతుందా? వార్డులోకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

– చేతిలో ఉన్నది ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ) ఆమోదించిన తాజా తెలుగు పత్రమేనా? పాత వెర్షన్లు వార్డుకు తీసుకెళ్లే ఫైల్లోంచి తీసేయండి.

– చదువురాని వాళ్లయితే సాక్షి కావాలి. మీ టీమ్‌లోని నర్సు పనికిరాదు. ట్రయల్‌తో సంబంధం లేని మనిషి మొదటి నుంచి చివరిదాకా పక్కనే కూర్చోవాలి. వేలిముద్ర పడ్డాక కారిడార్లో ఎవరినో పిలిచి సంతకం పెట్టించడం మాత్రం వద్దు.

– "అర్థమైందా అమ్మా?" అని అడక్కండి, అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్లాక ఈ మందు గురించి మీ అబ్బాయికి ఏం చెప్తారు?" అనండి. "డాక్టరుగారు మంచి మందు ఇస్తున్నారు" అన్నారంటే మళ్లీ మొదటికి రండి. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందని, ట్రయల్‌లో చేరనన్నా మామూలు వైద్యం ఆగదని ఆమె నోటితోనే రావాలి. టైమ్ పడుతుంది, పట్టనివ్వండి.

– పిల్లలైతే అమ్మానాన్నల సంతకం. ఏడేళ్లు నిండితే పిల్లల ఒప్పుకోలు కూడా. హాస్టల్ వార్డెన్ సంతకం చాల్లే అనుకోకండి. 2009లో ఖమ్మం జిల్లాలో అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చేది) వేసిన ప్రాజెక్టులో చాలా ఫారాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది.

– పూర్తిగా కొత్త రసాయన మందైతే 2019 నాటి కేంద్ర ప్రభుత్వ క్లినికల్ ట్రయల్ రూల్స్ ప్రకారం చదువురాని వాళ్లు, పిల్లల్లాంటి బలహీన స్థితిలో ఉన్న రోగుల సమ్మతిని ఆడియో, వీడియో రికార్డు చేయాలి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకు ఆడియో ఒక్కటే. కెమెరా చార్జింగ్ రాత్రే చూసుకోండి.

– పత్రం కాపీ ఒకటి వాళ్ల చేతికి.