లైట్‌రూమ్ అప్‌డేట్ నొక్కే ముందు

చేతిలో పెళ్లి ఆల్బమ్ పని ఉండగా లైట్‌రూమ్ (అడోబీ వాళ్ల ఫొటో ఎడిటింగ్ యాప్) అప్‌డేట్ జోలికి వెళ్లకండి, ముహూర్తాలు అయ్యాక చూసుకోవచ్చు.

– క్రియేటివ్ క్లౌడ్‌లో (అడోబీ యాప్‌లను ఇన్‌స్టాల్, అప్‌డేట్ చేసే యాప్) ఆటో అప్‌డేట్ ఆపేయండి. పెద్ద వెర్షన్ వేస్తే పాతది పక్కనే ఉంటుందని నమ్ముకోకండి. కొత్తది నత్తనడక నడిస్తే క్రియేటివ్ క్లౌడ్‌లో "అదర్ వెర్షన్స్" నుంచి పాతదాన్ని మళ్లీ వేసుకోవచ్చు.

– లైట్‌రూమ్ క్లాసిక్ (కంప్యూటర్ వెర్షన్) వాడేవాళ్లకు అసలు టెన్షన్ కేటలాగ్‌తోనే, అంటే ఫొటోల వివరాలు, ఎడిట్లు దాచే ఫైల్‌తో. పెద్ద వెర్షన్ దాన్ని అప్‌గ్రేడ్ చేశాక, ఆ కేటలాగ్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, అందుకే ముందే వేరే డిస్క్‌లోకి కాపీ తీసి పెట్టండి. కేటలాగ్ బ్యాకప్‌లో ఫొటోలు ఉండవు (ఉంటాయనుకునేవాళ్లు చాలామందే!), వాటిని విడిగా కాపీ చేయాలి.

– ప్రీసెట్లు (దాచిపెట్టుకున్న ఎడిటింగ్ సెట్టింగులు), ప్లగిన్లు (అదనంగా జోడించుకున్న టూల్స్) కూడా కాపీ తీసి పెట్టండి.

– ఫోన్‌లో అయితే సింక్ పూర్తయిందో లేదో చూడండి. 2020 ఆగస్టులో ఐఫోన్, ఐప్యాడ్‌లకు వచ్చిన 5.4 అప్‌డేట్ దెబ్బకు, క్లౌడ్‌కు ఎక్కని ఫొటోలు, ప్రీసెట్లు చాలామందికి పోయాయి. అడోబీ సారీ చెప్పింది కానీ వాటిని వెనక్కి తేలేకపోయింది.

– అప్‌డేట్ అయ్యాక స్లో అయినా, ఊరికే మూసుకుపోతున్నా, ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ చూడండి, తర్వాత ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకం ఆపి చూడండి. ఈ పరీక్షలన్నీ కాపీ ఫొటోల మీదే.