చిన్న రైఫిల్‌కు సరిపోయే సాఫ్ట్ కేసు ఎంచుకోవడం ఎలా?

ఏ రైఫిల్ కొనాలా అని నెలల తరబడి ఆలోచించేవాళ్లు కూడా దాన్ని మోసుకెళ్లే సాఫ్ట్ కేసును (ఫోమ్ పెట్టి కుట్టిన జిప్ సంచి) రెండు నిమిషాల్లో ఆర్డర్ పెట్టేస్తారు. తీరా వచ్చాక స్కోప్ (గురి చూసే దుర్భిణి) దగ్గర జిప్ పట్టదు. లేదా లోపల రైఫిల్ అటూ ఇటూ జారుతుంటుంది. కేసు మీద రాసిన పొడవు ఒక్కటే చూసి కొంటే ఇలాగే ఉంటుంది. ఈ వ్యాసం అమెరికాలో ఉంటూ, చట్టబద్ధంగా రైఫిల్ కొనుక్కుని షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాళ్ల కోసం.

అసలు విషయానికి ముందు ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ వీసా నిషేధం వర్తించదు. స్నేహితుడి రైఫిల్‌ను మీ కారులో పెట్టుకునే ముందు కూడా ఈ సంగతి చూసుకోండి.

మొదటి పని: కొలవడం

మ్యాగజైన్ తీసేసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత స్కోప్, లైట్, స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ) వంటివి మీరు రేంజ్‌కు తీసుకెళ్లేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉంచి, రైఫిల్‌ను పాత న్యూస్‌పేపర్ల మీద పక్కకు పడుకోబెట్టండి. చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, ఆ బొమ్మ మొత్తం పట్టేలా ఒక దీర్ఘచతురస్రం గీయండి. దాని పొడవు, ఎత్తు రెండూ రాసుకోండి. బోల్ట్ హ్యాండిల్, స్కోప్ నాబ్ ఎంత బయటికి వస్తున్నాయో చూసి మందం కూడా కొలవండి.

కంపెనీ వెబ్‌సైట్‌లో ఇచ్చిన పొడవు ఎందుకు చాలదంటే, బట్‌ను (భుజానికి ఆనించే వెనుక భాగం) ముందుకూ వెనక్కూ జరపగలిగే రైఫిల్‌కు ఒక్క పొడవు ఉండదు. 16 అంగుళాల బ్యారెల్ ఉన్న ఏఆర్-15 బట్ మూస్తే సుమారు 32 అంగుళాలు, పూర్తిగా లాగితే 35, 36 దాకా వస్తుంది. 36 అంగుళాల కేసులో మూసినప్పుడు హాయిగా పడుతుంది, లాగినప్పుడు ఇరుకవుతుంది. ప్రతిసారీ బట్ మూసే ఓపిక మీకు ఉందో లేదో ముందే తేల్చుకోండి. మామూలు రూగర్ 10/22 కార్బైన్ పొడవు 37 అంగుళాలు. చూడ్డానికి బుల్లి తుపాకీలా ఉన్నా దీనికి 40 అంగుళాల కేసు కావాలి.

బుల్‌పప్ రకాల (మ్యాగజైన్, బోల్ట్ ట్రిగ్గర్ వెనక ఉండటంతో పొట్టిగా ఉండే రైఫిళ్లు) సంగతి వేరు. ఫెడరల్ చట్టం ప్రకారం ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా రైఫిల్ మొత్తం పొడవు 26 అంగుళాలకు, బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు. టావోర్ ఎక్స్95 ఆ గీత దాటీ దాటనట్టు 26 అంగుళాల పైచిలుకు ఉంటుంది. పొడవుకు 28 అంగుళాల కేసు చాలు, కానీ పైన స్కోప్ లాంటి ఆప్టిక్ బిగిస్తే ఎత్తు దగ్గర ఇరుక్కుంటుంది. ఇలాంటివాటికి ముందు ఎత్తు చూసి, ఆ తర్వాతే పొడవు చూడండి.

10/22 టేక్‌డౌన్ లాగా రెండు ముక్కలుగా విడిపోయేవాటికి, కెల్-టెక్ సబ్-2000 లాగా మడిచి సుమారు 16 అంగుళాలకు తేగలిగేవాటికి బ్యాక్‌ప్యాక్ తరహా బ్యాగే మేలు. లోపల అడ్డుగోడ మాత్రం ఉండాలి, లేకపోతే ముక్కలు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి.

కేసులో ఏం చూడాలి?

అమ్మకం పేజీలో ఉన్నది బయటి కొలతా, లోపలి కొలతా అన్నది మొదట చూడండి. రెండు వైపులా ఫోమ్ ఉంటుంది కాబట్టి లోపలి చోటు ఎప్పుడూ తక్కువే. పొడవులో ఒకటి రెండు అంగుళాల ఖాళీ చాలు. నాలుగైదు ఉంటే రైఫిల్ జారి బ్యారెల్ కొస ఫోమ్‌ను పొడుస్తూ ఉంటుంది. చవక కేసులు ముందుగా చిరిగేది అక్కడే. ఆ చివర అదనపు పొర కుట్టి ఉందో లేదో చూడండి.

నా లెక్కలో డబ్బు పెట్టాల్సింది జిప్‌కు. పళ్లు పెద్దవిగా, గట్టిగా ఉండాలి. రెండు స్లైడర్లు ఉండి, వాటి రంధ్రాలు కలిపి చిన్న తాళం వేయగలగాలి. జిప్ మూడు వైపులా తెరుచుకుంటే కేసును బల్ల మీద పూర్తిగా పరచవచ్చు. నీళ్లు పీల్చని క్లోజ్డ్-సెల్ ఫోమ్ మంచిది. స్పాంజ్ లాంటి ఫోమ్ ఒకసారి తడిస్తే లోపలి ఇనుముకు తుప్పే. హ్యాండిల్ పట్టీలు కేసు అడుగు నుంచి చుట్టి వచ్చేలా కుట్టి ఉండాలి. బయట జేబులు ఎక్కువ ఉంటే గొప్పేమీ కాదు. నిండు మ్యాగజైన్లు ఒకే వైపు దట్టిస్తే బరువు స్కోప్ మీద పడుతుంది. తుపాకీ బొమ్మలు, లోగోలు లేని సాదా కేసు కొనండి. పార్కింగ్ లాట్‌లో అందరికీ తెలియాల్సిన పని లేదు.

వచ్చాక ట్యాగ్ తెంపకుండా రైఫిల్ పెట్టి, జిప్ మూసి, హ్యాండిల్ పట్టుకుని ఎత్తి కాస్త ఊపండి. బలవంతం చేస్తేనే జిప్ పడుతోందంటే తిప్పి పంపేయండి. తర్వాత ఏ చివర బ్యారెల్ ఉంటుందో బయట చిన్న టేపుతో గుర్తు పెట్టుకోండి. రేంజ్‌లో కేసును బల్ల మీద పెట్టి, ఆ చివర టార్గెట్ల వైపు ఉండగానే తెరవాలి. సీజ్‌ఫైర్ సమయంలో (అందరూ కాల్పులు ఆపినప్పుడు) అసలు ముట్టుకోకూడదు.

వాడకంలో హద్దులు

రాష్ట్రం దాటి కారులో వెళ్తుంటే, రెండు చోట్లా ఆ రైఫిల్ మీకు చట్టబద్ధమైతే 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. రైఫిల్ లోడ్ చేసి ఉండకూడదు, రైఫిల్‌గానీ తూటాలుగానీ ప్రయాణికుల చేతికి అందేలా ఉండకూడదు. విడిగా డిక్కీ లేని కారైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. రాష్ట్రాల నిబంధనలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి.

విమానానికి సాఫ్ట్ కేసు పనికిరాదు. లోడ్ చేయని తుపాకీని తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానుగానే పంపాలి, కౌంటర్‌లో ముందే చెప్పాలి. ఇంట్లో నిల్వకూ సాఫ్ట్ కేసు సరైనది కాదు, ఫోమ్‌లో చేరిన తేమ లోహాన్ని తినేస్తుంది. రేంజ్ నుంచి రాగానే రైఫిల్ బయటికి తీసి, తుడిచి, తాళం ఉన్న సేఫ్‌లో పెట్టండి. కేసును జిప్ తెరిచి ఆరనివ్వండి.