టెలిస్కోప్‌లో ఏమీ కనిపించడం లేదా? అటకెక్కించే ముందు ఇవి చూడండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నాకు తెలిసిన ఇళ్లలో ఐదు టెలిస్కోపులు అటక మీద ఉన్నాయి. పిల్లల పుట్టినరోజుకు కొన్నవి కొన్ని, గ్రహణం వార్తలు చూసి తెప్పించినవి కొన్ని. ఐదింటినీ దింపించి, దులిపి, రాత్రిపూట ఆకాశానికి గురిపెట్టి చూశాను. ఒక్కదాని కటకం మాత్రమే నిజంగా పాడైంది. మిగతా నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి. వాటిని అటకెక్కించినవి మూడు: పెట్టె మీది గొప్పలు, సముద్రపు చెమ్మ నిండిన మన గాలి, చలిదేశాల ఆకాశాన్ని చూసి రాసిన సూచనల పుస్తకం. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే కిందికి దించండి.

అంతా చీకటి, ఒక్క చుక్కా దొరకదు

మొదట మూత చూడండి. చాలా టెలిస్కోపుల పెద్ద మూతకు మధ్యలో మరో చిన్న మూత ఉంటుంది. చిన్నది మాత్రమే తీసి పెద్దదాన్ని అలాగే ఉంచేస్తారు. మొత్తం తీయాలి.

మూత తీసినా చీకటే అయితే, లోపం నూటికి తొంభై పాళ్లు ఫైండర్‌ది. గొట్టం మీద ఉండే ఆ చిన్న దుర్భిణి, పెద్ద గొట్టం రెండూ ఒకేచోటికి చూడాలి. కొత్తదాన్ని బిగించినప్పుడు అవి ఎప్పుడూ ఒకేచోటికి చూడవు. దీన్ని రాత్రి సరిచేయబోతే విసుగే మిగులుతుంది. సాయంత్రం వెలుతురు ఉండగానే, కనీసం కిలోమీటరు దూరంలో కదలని వస్తువును ఎంచుకోండి. సెల్‌ఫోన్ టవరు కొన, గుడి శిఖరం, కళింగపట్నం వైపు ఉంటే దీపస్తంభం, ఏదైనా సరే. ముందు 25 మి.మీ. ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకం, పెట్టి పెద్ద గొట్టంలో ఆ వస్తువును మధ్యకు తెచ్చుకోండి. తరువాత ఫైండర్ మరలు తిప్పుతూ దాని గీతల కూడలిని అదే వస్తువు మీదికి తీసుకురండి. పది నిమిషాల పని ఇది. సూర్యుడు మాత్రం మీ వెనక ఉండాలి, లేదా అస్తమించి ఉండాలి.

మూడో కారణం, మొదటి రోజే 4 మి.మీ. ఐపీస్ పెట్టడం. అందులో కనిపించే ఆకాశపు ముక్క చంద్రబింబంలో సగం కూడా ఉండదు. అంత ఇరుకు సందులోంచి గ్రహాన్ని వెతకడం ఎవరికైనా కష్టమే. ఎప్పుడూ పెద్ద అంకె ఉన్న ఐపీస్‌తో మొదలుపెట్టండి.

675 రెట్లు అని రాశారు, పెడితే అంతా మసక

ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేసి చూపిస్తాను. గొట్టం నాభ్యంతరాన్ని, అంటే కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరాన్ని, ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. గొట్టానిది 900 మి.మీ., ఐపీస్‌ది 4 అయితే, 900ని 4తో భాగిస్తే 225. దానికి రెట్లను మూడింతలు చేసే బార్లో కటకం తగిలిస్తే 675. లెక్క తప్పు కాదు. కానీ ఆ రెట్లకు సరిపడా వెలుగును సేకరించే శక్తి ముందున్న కటకానికి లేదు. కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని రెండుతో గుణించండి, దాదాపు అదే హద్దు. 60 మి.మీ. కటకానికి 120 రెట్లు, 70కి 140. అది కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రి మాటే. అంతకు మించితే బొమ్మ పెద్దదవుతుంది, వివరం మాత్రం పెరగదు. నన్ను అడిగితే పెట్టెలో వచ్చిన 4 మి.మీ. ఐపీస్‌నూ, ప్లాస్టిక్ బార్లోనూ పక్కన పెట్టేయమంటాను. 25, 10 మి.మీ. ఐపీసులు రెండూ చాలు. 900 మి.మీ. గొట్టంలో అవి 36, 90 రెట్లు ఇస్తాయి. గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రులు 36 రెట్లలోనే చక్కగా వరసకడతాయి.

ఇంకా కొనని వారికి నాలుగు మాటలు. రెట్ల అంకె చూడవద్దు, కటకం లేదా అద్దం వ్యాసం చూడండి. మొదటిదానికి 70 మి.మీ. కటకం, పైకీ కిందికీ పక్కలకూ మాత్రమే తిరిగే సాదా పీఠం మంచిది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే 130 లేదా 150 మి.మీ. అద్దంతో, చెక్క పీఠం మీద నిలిచే డాబ్సోనియన్ కొనండి, ఏళ్ల తరబడి విసుగు రాదు. ఐపీస్ బిగించే గొట్టం వెడల్పు ఒకటింపావు అంగుళం ఉండాలి. అంతకన్నా సన్నగా ఉంటే మంచి ఐపీసులు దొరకవు. గొట్టమేమో అర మీటరు, దాని మీద నాభ్యంతరం 1000 మి.మీ. అని రాసి ఉన్న అద్దాల టెలిస్కోపును వదిలేయండి. ఆ పొడవును లోపల ఒక చవక కటకం పెట్టి సాగదీస్తారు, బొమ్మ పదును అక్కడే పోతుంది. వీటిలో ఏదీ కుదరకపోతే 10×50 బైనాక్యులర్స్ కొనుక్కోండి. కృత్తికల గుంపు, మన పెద్దలు పిల్లలకోడి అన్నది, అందులోనే అన్నింటికన్నా అందంగా ఉంటుంది.

బొమ్మ తలకిందులుగా ఉంది

లోపం కాదు. ఆకాశంలో పైకీ కిందికీ తేడా లేదు కనుక, బొమ్మను నిలబెట్టడానికి అదనపు గాజు వేసి వెలుగును పోగొట్టుకోనక్కరలేదు.

ఎంత తిప్పినా ఫోకస్ కుదరదు

కటకాల టెలిస్కోపు అయితే, వెనకవైపు వంపు అద్దం, అంటే డయాగనల్, పెట్టారా? అది లేకుండా ఐపీస్‌ను నేరుగా దూర్చితే చాలావాటిలో ఫోకస్ గొట్టం పొడవు చాలదు. పెట్టినా కుదరకపోతే బార్లో తీసేసి, మొదట చంద్రుడి మీద ప్రయత్నించండి. మరను చివరి నుంచి చివరి వరకు నిదానంగా తిప్పాలి. గబగబా తిప్పితే సరైన చోటు దాటిపోయినట్లు కూడా తెలియదు.

చంద్రుడి అంచు నీటిలో మునిగినట్లు వణుకుతోంది

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. ఫోకస్ బాగుంది, పీఠం కదలడం లేదు, అయినా బొమ్మ మరుగుతున్నట్లు ఉంటుంది. కారణం మీ కాళ్ల కింద ఉంది. పగలంతా ఎండ తాగిన సిమెంటు డాబా అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి గొట్టం ముందు నుంచే పైకి లేస్తుంది. డాబా చల్లగా ఉంటుందని పక్కింటివారు చెప్పవచ్చు, మీ ఒంటికి గాలి తగులుతుంది కాబట్టి చల్లగానే అనిపిస్తుంది. కటకానికి మాత్రం అది పొయ్యి పక్కన కూర్చున్నట్లే.

కిందికి దిగండి. మట్టి నేల, గడ్డి, కోతలయ్యాక ఖాళీగా ఉన్న కళ్లం, సముద్రపు ఒడ్డున ఇసుక, ఇవన్నీ డాబాకన్నా త్వరగా చల్లారతాయి. దిగడం వీలుకాకపోతే తెల్లవారుజామున చూడండి. ఇంట్లోంచి తెచ్చిన గొట్టం కూడా బయటి గాలికి అలవాటు పడాలి, అరగంట ముందే బయట పెట్టండి. అద్దాల గొట్టమైతే ఇంకా కొంత ఎక్కువ సేపు. ఇక ఎదురింటి రేకుల కప్పు మీదుగా చూడకండి. దిగంతానికి దగ్గరగా ఉన్న గ్రహం దట్టమైన గాలిలోంచి కనిపిస్తుంది, అది నడినెత్తికి చేరేదాకా ఆగితే అదే టెలిస్కోపు మరో టెలిస్కోపులా పనిచేస్తుంది.

ముట్టుకుంటే చాలు, ఊగుతుంది

సన్నని అల్యూమినియం కాళ్లు దీనికి కారణం. ముక్కాలి కాళ్లను పూర్తిగా సాగదీయకుండా, కుర్చీలో కూర్చుని చూడండి. మధ్య పళ్లెం కింద ఇసుక నింపిన సంచి వేలాడదీయండి. మరలన్నీ మరోసారి బిగించండి. గాలి సముద్రం వైపు నుంచి జోరుగా వీస్తుంటే గోడ చాటుకు జరగండి.

కాసేపటికే కటకం మీద పొగ కమ్మినట్లయింది

మంచు పట్టింది. కార్తీకం నుంచి మాఘం దాకా మన ఆకాశం మహా తేటగా ఉంటుంది, మంచు కురిసేదీ అప్పుడే. గుడ్డతో తుడవకండి. కటకం మీది పూత గీతలు పడేది ఇలాగే. నల్లటి చార్టు కాగితాన్ని గానీ, పలుచని స్పంజి చాపను గానీ గొట్టంలా చుట్టి కటకం ముందు తొడగండి. కటకం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవు ముందుకు రావాలి. పదిహేను రూపాయల కాగితం రెండు గంటల చూపును కాపాడుతుంది. అప్పటికే పట్టిన మంచును హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి దూరం నుంచి ఆరబెట్టవచ్చు. ఐపీసులు జేబులో ఉంటే వెచ్చగా ఉంటాయి.

అసలు నష్టం తరువాత జరుగుతుంది. తడిసిన కటకానికి మూత పెట్టి అలాగే పెట్టెలో దాచేస్తారు. వానాకాలం నాలుగు నెలలు గడిచేసరికి గాజు మీద సాలెగూడు లాంటి బూజు పాకుతుంది, అది పూతనే తినేస్తుంది. నేను అటక మీది నుంచి దింపినవాటిలో పాడైన ఆ ఒక్కటీ ఇలాగే పోయింది. లోపలికి తెచ్చాక మూత తీసి పూర్తిగా ఆరనివ్వండి, తరువాత సిలికా జెల్ పొట్లాలు వేసి గట్టి మూతగల డబ్బాలో పెట్టండి. వానాకాలంలోనూ నెలకోసారి ఎండ తగలని చోట గాలికి ఉంచండి.

సముద్రం పక్కన ఉండి ఏం చూస్తాం అని నిరాశపడేవారికి ఒక సంగతి. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంతంగా వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడినుంచే పరిశీలించారు. అదే తీరం, అదే చెమ్మ.

సూర్యుణ్ణి చూడవచ్చా?

అరసవల్లి ఉన్న జిల్లాలో ఈ ప్రశ్న తప్పక వస్తుంది, రథసప్తమికి మరీ ఎక్కువ. గొట్టం ముందుభాగాన్ని పూర్తిగా కప్పే, సూర్యుడి కోసమే చేసిన ఫిల్టరు లేకుండా ఒక్క క్షణం కూడా చూడకూడదు. కంటిచూపు శాశ్వతంగా పోతుంది, నొప్పి కూడా తెలియదు. ఐపీస్‌కు బిగించమని పెట్టెలో ఇచ్చే చిన్న నల్ల గాజు వేడికి పగిలిపోవచ్చు. దాన్ని ఈ రోజే పగలగొట్టి పారేయండి. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన అద్దం కూడా పనికిరావు. పిల్లలున్న ఇంట్లో పగటిపూట టెలిస్కోపును మూత లేకుండా వదిలి వెళ్లవద్దు.

ధ్రువ నక్షత్రానికి పెట్టమన్నారు, అది కనిపించదు

వంపు పీఠం, అంటే ఈక్వటోరియల్ మౌంట్ కొన్నవారి కష్టం ఇది. పుస్తకంలోని బొమ్మలో పీఠం 40 డిగ్రీలకు వంగి ఉంటుంది. అది ఆ దేశం లెక్క. ధ్రువ నక్షత్రం ఎత్తు మీరున్న అక్షాంశమే. విజయనగరం, శ్రీకాకుళం రెండూ 18 డిగ్రీల దగ్గర ఉన్నాయి. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు కనుక, దిగంతం నుంచి రెండు పిడికిళ్లకన్నా తక్కువ ఎత్తు. కొబ్బరిచెట్టు, ఎదురింటి నీళ్లట్యాంకు చాలు దాన్ని మూసేయడానికి.

పీఠం కోణాన్ని 18కి పెట్టి, దిక్సూచితో ఉత్తరానికి తిప్పండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా స్వల్పమే, కంటితో చూడటానికి అది అడ్డం కాదు. దిక్సూచిని ఇనుప భాగాలకు దూరంగా పట్టుకోవాలి. అంత కిందికి వంచినప్పుడు తూకపు బరువు ముక్కాలి కాలికి తగలవచ్చు. ఉత్తరం వైపు రెండు కాళ్ల మధ్య ఖాళీ వచ్చేలా నిలిపితే సర్దుకుంటుంది.

సాదా పీఠం ఉన్నవారికి ఈ బాధ లేదు. గ్రహం ఒక పక్కకు జారిపోతూ ఉంటుంది, అంతే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది మరి. వేలితో నెమ్మదిగా వెంట నడిపించండి.

చుక్కలు తోక ఉన్నట్లు, సాగినట్లు ఉన్నాయి

అద్దాల టెలిస్కోపులో అద్దాలు వరస తప్పాయి. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యకు తెచ్చి ఫోకస్ కొంచెం చెదరగొట్టండి. వెలుగు వలయం మధ్య నల్లమచ్చ సరిగ్గా నడుమ ఉండాలి. ఒక పక్కకు ఉంటే వెనక ఉన్న మూడు మరలను పావు చుట్టుకన్నా తక్కువగా, ఒక్కొక్కటి తిప్పుతూ సరిచేయాలి. కటకాల టెలిస్కోపు ముందు గాజును మాత్రం విప్పకండి.

బాగుందో లేదో పరీక్షించడానికి మన దగ్గర మంచి జంట ఉంది. పెళ్లిలో చూపించే అరుంధతీ వశిష్ఠులను 36 రెట్లలో పట్టుకుని, తరువాత 90కి మారండి. అరుంధతి దూరంగా ఉంటుంది, వశిష్ఠుడు ఒక్కడే రెండుగా విడిపోతాడు. అలా విడిపోతే మీ గాజులో పెద్ద లోపమేమీ లేదు.

శనికి వలయం లేదు, నెబ్యులాకు రంగు లేదు

శని వలయాలు 2025 మార్చిలో అంచు మనవైపు తిరిగి గీతలా సన్నబడ్డాయి. ఏటేటా మళ్లీ విప్పారుతున్నాయి. ఓరియన్ నెబ్యులా, అంటే ఆకాశంలోని వాయువు, ధూళి పోగు, బూడిదరంగు మేఘంలా కనిపించడం సహజం, ఫోటోల్లోని రంగులను కెమెరా చాలాసేపు వెలుగు పోగుచేసి తెస్తుంది. కళ్లను ఇరవై నిమిషాలు చీకటికి అలవాటు పడనివ్వండి, ఫోను చూడకండి, టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. మసక వస్తువును నేరుగా కాక కొంచెం పక్కకు చూస్తూ గమనించండి. కంటి అంచుకు మసక వెలుగు బాగా తెలుస్తుంది.

దక్షిణాన ఏమీ లేదు

విజయనగరంలో ఉండి ఈ మాట అంటే కారణం విశాఖ వెలుగు. దక్షిణ దిగంతం మీద అది తెల్లటి తెరలా పరుచుకుంటుంది. బాధ ఏమిటంటే, చలిదేశాలవారు చూడలేని సంపద మనకు ఆ దిక్కునే ఉంది. కళింగపట్నం ఒడ్డుకు వెళ్లండి. అక్కడ దక్షిణాన సముద్రమే. భోగి మంటల కోసం ఎలాగూ చీకటితోనే లేస్తారు కదా, ఈసారి నాలుగున్నరకు ఒడ్డున ఉండండి. మంటలకు దూరంగా నిలబడి చిత్త నక్షత్రాన్ని వెతకండి. అక్కడినుంచి కొంచెం కుడివైపుకు వాలుగా మూడున్నర పిడికిళ్లు కిందికి దిగి, 25 మి.మీ. ఐపీస్‌తో చూడండి. పత్తి ఉండలా మసకగా కనిపించేది ఒమేగా సెంటారీ, దాదాపు కోటి నక్షత్రాల గుంపు. దానికి కొంచెం కుడివైపున, నీటికి పైన ఒక పిడికిలి ఎత్తున దక్షిణ శిలువ నిలబడి ఉంటుంది. ఐదుంపావు దాటితే తూర్పు తెల్లబడుతుంది, కనుక ఫైండర్‌ను ముందురోజు సాయంత్రమే సరిచేసి ఉంచుకోండి.