ల్యాప్‌టాప్‌కు ఐపీవీ6 వస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌కు రాదు: సమస్య - పరిష్కారం

సమస్య

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో హాస్టల్, లాడ్జి, కాలేజీ ల్యాబ్ ఏదైనా సరే, ఫిర్యాదు ఇదే. వైఫై ఒక్కటే. విండోస్ ల్యాప్‌టాప్‌కు, ఐఫోన్‌కు ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి) అడ్రస్ ఉంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్లకు ఉండదు. పాత పద్ధతి ఐపీవీ4 నడుస్తుంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు.

ముందు ఇది చూడండి

ఫోన్ రీసెట్ కొట్టకముందే వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ చదవండి. దయచేసి ఇది మాత్రం దాటేయకండి. ఎఫ్ఈ80తో మొదలయ్యేది ఒక్కటే కనిపిస్తే దానితో బయటికి పోలేరు. 2తో మొదలయ్యేది కావాలి. అది ఏ పరికరానికీ లేకుంటే ప్రొవైడర్ నుంచి ప్రిఫిక్స్ (అడ్రస్‌ల మొదటి భాగం) వస్తుందో లేదో రూటర్‌లో చూసుకోండి. ఫోన్లకు మాత్రమే లేకుంటే కారణం దాదాపు ఎప్పుడూ కింద చెప్పేదే.

కారణం

రూటర్ అడ్వర్టైజ్‌మెంట్ ఊళ్లో దండోరా లాంటిది: ‘మన ప్రిఫిక్స్ ఇది’ అని అందరికీ చాటుతుంది. అందులో ‘ఏ’ (A) ఫ్లాగ్ అనే గుర్తు ఉంటే పరికరం తన అడ్రస్ తానే కట్టుకుంటుంది. దీన్నే స్లాక్ అంటారు. ‘ఎం’ (M) ఫ్లాగ్ ఉంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీవీ6 సర్వర్‌ను అడగమని అర్థం. ఐపీవీ4 అలవాటుతో, ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామో లెక్క ఉండాలని చాలామంది ‘ఎం’ ఆన్ చేసి ‘ఏ’ తీసేస్తారు. విండోస్, ఐఫోన్ సర్వర్‌ను అడిగి తీసుకుంటాయి. ఆండ్రాయిడ్ అలా ఒక్కో అడ్రస్ అడగదు. అది ఫోన్ లోపం కాదు, గూగుల్ కావాలనే అలా పెట్టింది. అందుకే కొత్త ఫోన్ కొన్నా లాభం ఉండదు.

ఇంకో మెలిక ప్రిఫిక్స్ పొడవు. అడ్రస్‌లు ఆదా చేద్దామని దాన్ని 80 బిట్లకో 112 బిట్లకో పెంచితే స్లాక్ ఆగిపోతుంది. ఒక్కో నెట్‌వర్క్‌కు సరిగ్గా 64 బిట్ల ప్రిఫిక్స్ ఇవ్వండి.

పరిష్కారం

రూటర్ లాన్ (లోపలి నెట్‌వర్క్) సెట్టింగుల్లో ‘స్టేట్‌ఫుల్’ (సర్వరే అడ్రస్ ఇచ్చే పద్ధతి) తీసి ‘స్లాక్ + స్టేట్‌లెస్ డీహెచ్‌సీపీ’ పెట్టండి. అంటే ‘ఏ’ ఆన్, ‘ఎం’ ఆఫ్, ‘ఓ’ (O: అడ్రస్ కాక మిగతా వివరాలు డీహెచ్‌సీపీవీ6 నుంచి తీసుకోమనే ఫ్లాగ్) ఆన్. డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును అడ్రస్‌గా మార్చే సర్వర్) వివరాన్ని రూటర్ అడ్వర్టైజ్‌మెంట్‌లో కూడా పంపండి, ఎందుకంటే ఆండ్రాయిడ్ దాన్నీ డీహెచ్‌సీపీవీ6 నుంచి తీసుకోదు. పాత విండోస్‌కు మాత్రం ‘ఓ’ ఫ్లాగ్ కావాలి, 2017కు ముందటి వెర్షన్లు డీఎన్‌ఎస్‌ను డీహెచ్‌సీపీ నుంచే తీసుకునేవి. ఎవరు ఏ అడ్రస్ వాడారో లెక్క కావాలంటే రూటర్ నైబర్ టేబుల్‌ను (ఏ పరికరం ఏ అడ్రస్ వాడుతోందో రూటర్ రాసుకునే పట్టిక) లాగ్ చేయండి.

అరుదైనవి

ఎవరో లాన్‌లో గుచ్చిన రెండో రూటర్ వేరే ప్రిఫిక్స్ చాటుతుంటే దాన్ని పీకేయండి. ఐసీఎంపీవీ6 (ఐపీవీ6 నడవడానికి కావలసిన సందేశాలు) మొత్తాన్ని ఆపేసిన ఫైర్‌వాల్ ఉంటే ఆ రూల్ తీసేయండి. కరెంటు పోయి వచ్చాక ప్రిఫిక్స్ మారి పేజీలు వేలాడుతుంటే వైఫై ఆపి మళ్లీ కలపండి.