బూట్ పార్టిషన్‌కి మిర్రర్: రెండో డిస్కు ఒక్కటే ఉన్నా సర్వర్ లేవాలంటే

రూట్‌ని (సిస్టమ్ ఉండే పార్టిషన్) రెండు డిస్కుల మీద మిర్రర్ చేసి (ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా, అంటే రెయిడ్ 1), బూట్‌ని (కెర్నల్, బూట్‌లోడర్ ఫైళ్లు ఉండేది) మాత్రం మొదటి డిస్కు మీదే వదిలేస్తుంటారు. ఆ డిస్కు పోయిన రోజు డేటా భద్రంగానే ఉంటుంది, మెషీన్ మాత్రం లేవదు.

ఇక్కడ చెప్పేది బయోస్‌తో (పాత తరహా ఫర్మ్‌వేర్) బూటయ్యే డెబియన్ సర్వర్‌ గురించి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే రెండు డిస్కులూ జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) ఉన్నవే. ఒక్కోదాంట్లో 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్, 1 జీబీ బూట్ పార్టిషన్, ఆపైన రూట్. రూట్ ఇప్పటికే ఎండీ1 అనే అర్రేగా (రెండు డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపే రెయిడ్ డివైసు) మిర్రర్ అయి ఉంది. బూట్ మాత్రం ఎస్‌డీఏ2లోనే (ఎస్‌డీఏ రెండో పార్టిషన్) ఉంది, ఎస్‌డీబీ2 ఖాళీ.

ముందు బూట్‌కి వేరేచోట ఒక కాపీ తీసుకోండి. ఎస్‌డీఏ2 సైజు ఎస్‌డీబీ2 కంటే తక్కువ కాకుండా చూసుకోండి. చిన్నదైతే చివర్లో అర్రేలో చేరదు.

రెయిడ్ అర్రేలు నడిపే కమాండ్ ఎండీఆడమ్ (mdadm)తో ఎండీ0 సృష్టించండి: లెవెల్ 1, డివైసులు 2, మొదటి డిస్కు స్థానంలో "మిస్సింగ్" (missing) అనే మాట (ఆ చోటు ప్రస్తుతానికి ఖాళీ అని), రెండో స్థానంలో ఎస్‌డీబీ2. అర్రే మెటాడేటా (దాని వివరాల రికార్డు) పార్టిషన్ మొదట్లో ఉంది, బూట్‌కి పనికిరాకపోవచ్చు అని హెచ్చరిక వస్తుంది. అది పాత బూట్‌లోడర్ల కోసం. ఇక్కడి బూట్‌లోడర్ గ్రబ్ 2 మెటాడేటా 1.2ని చదవగలదు, కాబట్టి ఎస్ అనండి.

ఎండీ0 మీద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వేసి, బూట్‌లోని ఫైళ్లన్నీ పర్మిషన్లతో సహా కాపీ చేయండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) బూట్ యూయూఐడీని (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఎండీ0దిగా మార్చి, పాత బూట్‌ని అన్‌మౌంట్ చేసి, కొత్తది మౌంట్ చేయండి. ఎండీ0 వివరాల లైను ఎండీఆడమ్ కాన్ఫిగ్ ఫైల్లో చేర్చాకే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని (బూట్ మొదట్లో కెర్నల్ వాడే చిన్న ఫైల్‌సిస్టమ్ ఫైలు) అప్‌డేట్ చేయండి. ఆ లైను లేకపోతే రీబూట్ తర్వాత అర్రే పేరు ఎండీ127గా మారిపోవచ్చు. కొత్త బూట్ మౌంట్ కాకముందే అప్‌డేట్ చేస్తే ఆ ఫైలు పాతచోటికే పోతుంది.

అసలు పొరపాటు జరిగేది ఆ 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ దగ్గరే. గ్రబ్ కోర్ ఇమేజ్ (గ్రబ్ అసలు ప్రోగ్రామ్) ఉండేది అందులోనే, దాన్ని రెయిడ్ కాపీ చేయదు. అప్‌డేట్-గ్రబ్ నడిపి, గ్రబ్-ఇన్‌స్టాల్‌ని ఎస్‌డీఏకి ఒకసారి, ఎస్‌డీబీకి ఒకసారి విడివిడిగా నడపండి. పార్టిషన్ నంబరు ఇవ్వకండి, డిస్కు పేరే ఇవ్వాలి. గ్రబ్-పీసీ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేసి రెండు డిస్కులకీ టిక్ పెట్టండి, లేకపోతే రేపటి అప్‌గ్రేడ్ ఒక్కదాన్నే తాజా చేస్తుంది. డిస్కు మార్చినప్పుడల్లా కొత్తదానికి గ్రబ్ మళ్లీ వేయాల్సిందే. చాలామంది మరిచిపోయేది ఇదే.

రీబూట్ చేసి, బూట్ ఎండీ0 నుంచే మౌంట్ అయిందని తేల్చుకున్నాకే ఎస్‌డీఏ2ని అర్రేలో చేర్చండి. దానిలోని పాత ఫైళ్లు ఆ క్షణంలోనే పోతాయి. ఎండీస్టాట్‌లో (అర్రేల స్థితి చూపే /proc/mdstat) రెండు యూలు (U) కనబడేదాకా ఆగండి. ఒక యూ పక్కన అండర్‌స్కోర్ ఉంటే ఒక డిస్కు ఇంకా లోపలికి రానట్టే.

బూటయ్యేటప్పుడు "డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అని ఆగితే భయపడకండి. గ్రబ్ రెయిడ్‌ని చదవగలదు గానీ దాని మీద రాయలేదు. గ్రబ్ సెట్టింగుల్లో సేవ్‌డీఫాల్ట్ (చివరిసారి ఎంచుకున్న ఎంట్రీని గుర్తుంచుకునే సెట్టింగు) తీసేసి, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ నడపండి.

ఇక పరీక్ష. కమాండ్‌తో డిస్కుని ఫెయిల్ చేసి చూస్తే చాలదు, దానితో బయోస్ సంగతి తెలియదు. మెషీన్ ఆపి, మొదటి డిస్కు కేబుల్ పీకి, ఆన్ చేయండి. మిగిలిన డిస్కు ఇప్పుడు ఎస్‌డీఏ అనే పేరుతో రావచ్చు, కమాండ్లు కొట్టేముందు సీరియల్ నంబరు చూసుకోండి. లాగిన్ దాకా వస్తే ఆపేసి, కేబుల్ పెట్టి, పీకిన డిస్కు పార్టిషన్లని ఎండీ0, ఎండీ1 రెండింటిలోనూ తిరిగి చేర్చండి. సింక్ పూర్తయ్యాకే రెండో కేబుల్ పీకాలి. తొందరపడితే పాతబడిన కాపీ ఒక్కటే చేతిలో మిగులుతుంది.

యూఈఎఫ్‌ఐ (బయోస్‌కి బదులు వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) మెషీన్లయితే ఈఎస్‌పీ పార్టిషన్‌ని (ఆ ఫర్మ్‌వేర్ బూట్ ఫైళ్లు చదివేది) ఇందులోకి లాగకండి. ఫర్మ్‌వేర్‌కి రెయిడ్ తెలియదు, ఒక డిస్కు మీద రాస్తే రెండోదానికి కబురే ఉండదు. రెండో డిస్కు మీద విడిగా ఈఎస్‌పీ చేసి, ఫైళ్లు కాపీ చేసి, ఈఎఫ్‌ఐబూట్‌మేనేజర్ (efibootmgr) కమాండ్‌తో దానికీ ఒక ఎంట్రీ ఇవ్వండి.